రేడియేషన్ తర్వాత తిరగబెట్టిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయొచ్చా?

ప్రశ్న: మా నాయనకు 66 ఏళ్లు. నాలుగేండ్ల కింద ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కరెంటు పెట్టించాం. పీఎస్‌ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రొటీన్) 0.4కు దిగింది. ఇప్పుడు వరుసగా 1.3, 2.1, 2.9 వచ్చింది. ఆపరేషన్‌తో గ్రంథి తీసేయించొచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: రేడియేషన్ తర్వాత పీఎస్‌ఏ ఎంత కిందికి దిగిందో, దానికి 2 కలపండి. ఆ అంకెకు చేరితే జబ్బు తిరగబెట్టినట్టే లెక్క. మీ నాయనగారికి అది 2.4, దాటిపోయింది. కానీ క్యాన్సర్ ఎక్కడుందో పీఎస్‌ఏ చెప్పదు. ముందు పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో చూపేది), ఎంఆర్‌ఐ తీయించండి. ఎముకలకు పాకి ఉంటే గ్రంథి తీసినా జబ్బు పోదు. గ్రంథిలోనే ఉందనిపిస్తే బయాప్సీతో (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రుజువు కావాలి. అది లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

పీఎస్‌ఏ 10 లోపు ఉండి, ఇంకో పదేళ్లు బతికే ఆరోగ్యం ఉన్నవాళ్లకే సాల్వేజ్ ప్రోస్టేటెక్టమీ (రేడియేషన్ తర్వాత గ్రంథిని తీసేసే ఆపరేషన్) ఆలోచిస్తారు. ఇది మొదటిసారి చేసే ఆపరేషన్ లాంటిది కాదు. రేడియేషన్ తగిలిన కండ గట్టిపడి, గ్రంథి వెనకున్న మలాశయానికి అతుక్కుపోతుంది. విడదీసేటప్పుడు మలాశయానికి చిల్లి పడే ప్రమాదముంది. మూత్రాన్ని ఆపే కండరం అప్పటికే బలహీనపడి ఉంటుంది కనుక చాలామందికి మూత్రం కారుతుంది. ఏడాదైనా తగ్గకపోతే కృత్రిమ స్ఫింక్టర్ (మూత్రాన్ని ఆపే పరికరం) అమర్చాల్సి రావచ్చు, దాని ఖరీదు ఎక్కువ. కుట్టిన చోట కుంచించుకుపోయి ధార సన్నబడొచ్చు. అంగస్తంభన దాదాపు పోతుంది. రోబోతో చేస్తే రక్తస్రావం తగ్గుతుంది గానీ అతుకులు పోవు. గాయం నెమ్మదిగా మానుతుంది కాబట్టి మూత్రం గొట్టం ఎక్కువ రోజులే ఉంచుతారు. సిస్టోగ్రామ్‌లో (మూత్రాశయంలోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) లీకు లేదని చూశాకే తీయాలి.

గ్రంథి తీయకుండా చేసేది క్రయోథెరపీ. సూదుల గుండా ఆర్గాన్ వాయువు పంపి, కణజాలాన్ని మైనస్ 40 డిగ్రీలకు గడ్డకట్టించి కరిగిస్తారు, ఇలా రెండుసార్లు. మూత్రనాళం గడ్డకట్టకుండా వెచ్చటి నీళ్ల గొట్టం పెడతారు. ఇది అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. వృషణాలు తీసే ఆపరేషన్ వేరు: అది మగ హార్మోన్‌ను తగ్గించి జబ్బును అదుపులో పెడుతుంది, నయం చేయదు.

హైదరాబాద్‌లో నిమ్స్‌కు వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా, పాత రేడియేషన్ సమ్మరీ వెంట ఉండాలి. మొత్తం ఎన్ని గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), ఎన్ని సిట్టింగులు, ఏ తేదీల్లో అన్నది అందులోనే ఉంటుంది. సర్జన్‌ను సూటిగా అడగండి: రేడియేషన్ అయినవాళ్లకు ఇలాంటివి ఎన్ని చేశారు, వాళ్లలో ఇప్పటికీ ప్యాడ్లు వాడుతున్నవాళ్లు ఎందరు? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడగండి.

ప్రశ్న: రేడియేషన్ అయి ఏడాదిన్నర. పీఎస్‌ఏ 0.6 నుంచి 1.1 అయింది. తిరగబెట్టిందా?
– గద్వాల పాఠకుడు

జవాబు: ఇప్పుడే ఆ మాట అనలేం. మొదటి రెండేళ్లలో పీఎస్‌ఏ కాస్త పెరిగి, దానంతటదే దిగడం మామూలే. హార్మోన్ ఇంజెక్షన్లు ఆపినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. మూడు నెలల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. ఇప్పుడే బయాప్సీకి తొందరపడొద్దు, చనిపోతున్న కణాలు కూడా బతికున్న క్యాన్సర్‌లా కనిపించొచ్చు.