మధ్యాహ్నం తిన్న అన్నం రాత్రికీ అరగడం లేదు

ప్రశ్న: మా అమ్మకి 62 ఏళ్లు, చాలాకాలంగా షుగరు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందంటుంది. మధ్యాహ్నం తిన్న అన్నం, తోటకూర రాత్రి వాంతిలో అలాగే పడుతున్నాయి. ఎండోస్కోపీలో పుండూ లేదు, అడ్డూ లేదన్నారు. గ్యాస్ మాత్రలతో గుణం లేదు.
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: వాంతిలో మధ్యాహ్నం తిన్నది కనబడిందని రాశారు చూడండి, అదే అసలు ఆనవాలు. ఇది గ్యాస్ట్రోపరేసిస్ కావచ్చమ్మా. అడ్డేమీ లేకుండానే జీర్ణాశయం మందగిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే దాని కండరం నిమిషానికి సుమారు 3 సార్లు అలలా కదులుతుంది. ఆ లయ నడిపేవి కహాల్ కణాలు. 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త పేరే వాటికి పెట్టారు. ఈ జబ్బున్న చాలామందిలో ఆ కణాలు తగ్గిపోయినట్టు పరిశోధకులు చూశారు. ఏళ్ల తరబడి షుగరు ఉంటే జీర్ణాశయాన్ని కదిలించే వేగస్ నరమూ దెబ్బతినొచ్చు.

నిర్ధారణకి, కడుపు ఎంత త్వరగా ఖాళీ అవుతోందో చూసే గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ స్కాన్ చేయించండి. తిన్న 4 గంటలకి 10 శాతం కంటే ఎక్కువ కడుపులో మిగిలితే మందగించినట్టే. ఆరోజు షుగరు బాగా పెరిగి ఉంటే ఫలితం తప్పుతుంది.

అమ్మ ఇన్సులిన్ వాడుతుంటే మాత్రం జాగ్రత్త. అన్నం కిందికి దిగకముందే మందు పనిచేసి షుగరు పడిపోవచ్చు. మోతాదు, వేళ డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి. కడుపు కదలిక పెంచే డోంపెరిడోన్ మందు సొంతంగా కొనొద్దు, అది గుండె లయని దెబ్బతీయొచ్చు కాబట్టి ముందు ఈసీజీ చూడాలి.

కొన్నాళ్లు ఆకుకూరలు, వేపుళ్లు ఆపి మెత్తటి అన్నం, పప్పుకట్టు కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. తిన్న వెంటనే పడుకోనివ్వకండి. నీళ్లు కూడా నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.