విడుదల ఆలస్యమైతే ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న: మేము కొందరం కలిసి తెలుగు అక్షరదోషాలను పట్టే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను రూపొందిస్తున్నాం. దసరాకు ఇస్తామన్న వెర్షన్ ఆలస్యమవుతోంది. సహకరిస్తున్నవారికి ఎలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: గడువు దాటకముందే చెప్పండి. 2006 ఏప్రిల్‌లో రావలసిన ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్‌ను మరింత పరీక్షించి మెరుగుపరచడానికి ఆరు వారాలు కావాలని నిర్వాహకులు మార్చిలోనే బహిరంగంగా ప్రతిపాదించి, చర్చించి, జూన్ 1న విడుదల చేశారు. సంవత్సరం, నెలే వెర్షన్ సంఖ్య కనుక 6.04 కావలసినది 6.06 అయింది. ఏ పని ఎందుకు ఆగిందో మీరూ దాచకుండా రాయండి. జీతం ఆశించకుండా పనిచేసేవారికి కారణం తెలుసుకునే హక్కు తప్పక ఉంది. కొత్త తేదీపై నమ్మకం కుదరకపోతే ప్రకటించకండి. డెబియన్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించే బృందం కూడా అది సిద్ధమైనప్పుడే విడుదల చేస్తుంది. సంధి పదాలను పరీక్షించడం వంటి మిగిలిన పనులను విడిగా పేర్కొంటే, మీ ఊరి కాకతీయ విశ్వవిద్యాలయంలో తెలుగు చదివే విద్యార్థులను కూడా సాయం అడగవచ్చు.