కొత్త అపార్ట్‌మెంట్‌లో వైఫై పెట్టుకునే ముందు

అమెరికాకు కొత్తగా వచ్చి అపార్ట్‌మెంట్‌లో దిగినవారు, ఫోన్‌లో వైఫై తెరవగానే కనిపించే అన్నన్ని పేర్లలో ఏది వాడుకోవచ్చని తరచూ అడుగుతుంటారు. అవి చుట్టుపక్కల ఇళ్ళలోని రౌటర్లు సెకనుకు దాదాపు పదిసార్లు గాలిలోకి పంపే ప్రకటనలు. ఇక్కడి గోడలు చాలావరకు చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించినవి కనుక, మన ఊళ్ళలోని ఇటుక గోడల్లా తరంగాలను అంతగా ఆపలేవు. పక్కవారి సిగ్నల్ మనకు అందినట్టే మనదీ వారికి అందుతుంది.

తాళం గుర్తు లేని నెట్‌వర్కు ఉచితంగా దొరికినా దాన్ని వీలైనంతవరకు వాడకండి. పేరు చూసి నమ్మడానికి లేదు. కాఫీ షాపు పేరునో, కేబుల్ కంపెనీ హాట్‌స్పాట్ పేరునో ఎవరైనా తమ రౌటర్‌కు పెట్టుకోవచ్చు, మునుపు ఆ పేరుతో కలిసిన మీ ఫోన్ దానికీ తనంతట తానే కలిసిపోవచ్చు. ఎయిర్‌పోర్టులో వాడిన నెట్‌వర్కులను ఫోన్‌లోంచి తొలగించండి.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది, మనవాళ్ళు ఫోన్ నంబరునే వైఫై పాస్‌వర్డ్‌గా పెట్టుకోవడం. వైఫైకి భద్రతనిచ్చే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో మీ ఫోన్ రౌటర్‌తో కలిసేటప్పుడు వాటి మధ్య నడిచే నాలుగు సందేశాలను దగ్గరలో ఉన్నవారెవరైనా పట్టి దాచుకుని, తమ కంప్యూటర్‌లో ఒక్కొక్క పాస్‌వర్డునూ తీరిగ్గా సరిచూసుకోవచ్చు. ఆ సంగతి మీ రౌటర్‌కు తెలియనే తెలియదు. ఊరిని బట్టి మొదటి 3 అంకెల ఏరియా కోడ్ ఊహిస్తే మిగిలేవి 7 అంకెలే, అంటే మహా అయితే కోటి నంబర్లు. సెకనుకు లక్షల పాస్‌వర్డులు సరిచూడగల గ్రాఫిక్స్ కార్డుకు అది నిమిషాల పని. పాస్‌వర్డు 63 అక్షరాల వరకు ఉండవచ్చు కాబట్టి, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టుకోండి. గుర్తుంచుకోవడం మనకు తేలిక, ఊహించడం పైవారికి కష్టం. 2018లో వచ్చిన కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఈ దొంగచాటు ప్రయత్నాలను అడ్డుకుంటుంది. మీ పరికరాలన్నీ ఒప్పుకుంటే దాన్నే ఎంచుకోండి. అన్నిటికంటే పాత పద్ధతి డబ్ల్యూఈపీ భద్రత 2001లోనే వీగిపోయింది కనుక అది మాత్రమే ఉన్న పాత రౌటర్‌ను ఎవరిచ్చినా తీసుకోకండి. పాస్‌వర్డు కొట్టకుండానే పరికరాలను రౌటర్‌తో కలిపే డబ్ల్యూపీఎస్ పిన్‌ను ఆపేయండి. చూడడానికి 8 అంకెలున్నా, దాన్ని తనిఖీ చేసే తీరు వల్ల సుమారు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లో బయటపడింది. నెట్‌వర్కు పేరును దాచిపెట్టడం వల్ల మాత్రం పెద్దగా ప్రయోజనం లేదు.

రూమ్‌మేట్లు మారుతుండే ఇళ్ళలో, ఒకరు ఖాళీ చేసిన రోజే పాస్‌వర్డు మార్చండి. వెళ్ళిన వ్యక్తి మీద అనుమానంతో కాదు, ఆ పాస్‌వర్డు ఇంకెవరికి చేరిందో మనకు తెలియదు కనుక. ఎవరో సినిమాలు అక్రమంగా దించుకుంటే, కాపీరైట్ నోటీసు వచ్చేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారికే. వీసా మీద ఉన్న విద్యార్థికి ఆ దిగులు ఎందుకు?

అతిథులకు, చవక కెమెరాలకు, స్మార్ట్ టీవీకి గెస్ట్ నెట్‌వర్కు, అంటే అదే రౌటర్‌లో మీ పరికరాలకు దూరంగా ఉండే వేరే నెట్‌వర్కు ఇవ్వండి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళే పాస్‌వర్డూ వైఫై పాస్‌వర్డూ ఒకటి కాదు, దాన్నీ మార్చండి. అదే సెట్టింగుల్లో, కలిసి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది. నెలకోసారి చూసి, గుర్తుపట్టలేనిది కనిపిస్తే ముందు ఇంట్లో అందరినీ అడగండి, ఎవరిదీ కాదంటే వెంటనే పాస్‌వర్డు మార్చి మీ పరికరాలను మళ్ళీ కలుపుకోండి.