టెక్ సందేహాలు: చాట్‌బాట్‌లు తయారుచేసే తమ్ముడికి ఏ నవల ఇవ్వాలి?

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాట్‌బాట్‌ల మీద పని చేస్తున్నాడు. వచ్చే నెల వాడి పుట్టినరోజు. ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్ లాంటివన్నీ ఉన్నాయి కాబట్టి ఈసారి పుస్తకం ఇద్దామనుకుంటున్నాను. టెక్నాలజీ మనుషుల భాషను ఏం చేయగలదో చెప్పే డిస్టోపియా నవల, అంటే భయంకరమైన రేపటిని ఊహించే నవల, ఏదైనా ఉందా? వాడి దగ్గర కిండిల్ (ఈ-బుక్‌లు చదువుకునే అమెజాన్ పరికరం) ఉంది. ఈ-బుక్ కొనాలా, అచ్చు పుస్తకమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: జార్జ్ ఆర్వెల్ రాసిన ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ ఇవ్వండి. అచ్చు పుస్తకమే ఇవ్వండి.

1949 జూన్‌లో వచ్చిన ఈ నవల పేరు మీ తమ్ముడు వినే ఉంటాడు. అందరినీ గమనిస్తూ ఉండే నియంత బిగ్ బ్రదర్, ఇంట్లో గోడమీద నుంచి మనిషిని గమనించే టెలిస్క్రీన్ బాగా ప్రచారంలో ఉన్నవే. అందుకే చాలామంది దీన్ని నిఘా గురించిన నవలగానే చెప్పుకుంటారు. మీ తమ్ముడి ఉద్యోగానికి దగ్గరగా ఉన్నది మాత్రం ఇందులోని రాసే యంత్రాల కథ. నేను ఈ పుస్తకం చెప్పడానికి అసలు కారణం అదే.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ పాత పత్రికల్లోని వార్తల్ని ప్రభుత్వానికి ఇప్పుడు కావలసినట్టు తిరగరాసే గుమస్తా. ‘స్పీక్‌రైట్’ అనే పరికరంలోకి మాట్లాడితే అది కాగితం మీదికి ఎక్కిస్తుంది. మన వాయిస్ టైపింగ్ అన్నమాట. పాత ప్రతి మంటల్లోకి పోతుంది. అతను ప్రేమించే జూలియా నవలలు తయారుచేసే యంత్రాల దగ్గర మెకానిక్. పాటలు కట్టడానికి ఇంకో యంత్రం ఉంది, దాని పేరు ‘వెర్సిఫికేటర్’. మనిషి చెయ్యి పడకుండానే పాట బయటికి వస్తుంది. ఇదంతా మన కంప్యూటర్లు రాకముందు రాసినది.

ఆ పాటల దగ్గరే నాకు చాలా ఇష్టమైన సన్నివేశం ఉంది. పెరట్లో బట్టలు ఆరేస్తూ ఒకావిడ ఆ యంత్రం కట్టిన పాట పాడుతుంటుంది. పాట ఉత్త చెత్త. కానీ ఆవిడ గొంతులో వినడానికి దాదాపు బాగుంటుంది. పైనుంచి విన్‌స్టన్ వింటూ ఉండిపోతాడు. చాట్‌బాట్ చేత రాయించేవాళ్లు ఆ పేజీల దగ్గర తప్పక ఆగి ఆలోచించాలి.

ఇక సైమ్ అనే భాషావేత్త. ప్రభుత్వం తయారుచేస్తున్న ‘న్యూస్పీక్’ అనే కొత్త భాషకు నిఘంటువు పదకొండో కూర్పు మీద పని చేస్తుంటాడు. పదాల్ని చేర్చడం కాదు, రోజూ తీసేయడమే అతని పని. ఆ పని గురించి క్యాంటీన్‌లో ఎంతో ఉత్సాహంగా చెబుతాడు. ఎదురు తిరగాలన్న ఆలోచనకు మాటే లేకుండా చేస్తే ఆ ఆలోచనే పుట్టదని అతని నమ్మకం. తర్వాత ఒకరోజు సైమ్ ఆఫీసుకు రాడు. నోటీసు బోర్డు మీద చెస్ కమిటీ సభ్యుల జాబితాలో ఒక పేరు తగ్గి ఉంటుంది.

మన ఫోన్లలో ఎవరూ బలవంతంగా మాటల్ని తీసేయడం లేదు, అది నిజం. అయినా కీబోర్డు ముందు చూపించే మూడు పదాలు, చాట్‌బాట్ ‘సరిచేసి’ ఇచ్చే వాక్యం మన రాతను ఒక మూసలోకి లాగుతున్నాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. కరీంనగర్‌లో మీ అమ్మగారు మాట్లాడినట్టే రాసి ఇస్తే ఆ యాసను మీ తమ్ముడి చాట్‌బాట్ అలాగే ఉంచుతుందా, పత్రికల తెలుగులోకి మారుస్తుందా? పుస్తకం ఇచ్చేటప్పుడు మీ తమ్ముణ్ని ఈ ప్రశ్న అడగండి. జవాబు తన చేతిలో కూడా కొంత ఉంది.

కొనేముందు పుస్తకం చివర అనుబంధం ఉందో లేదో చూసుకోండి. ఆ కొత్త భాష ఎలా తయారైందో వ్యాసంలా చెప్పే కొన్ని పేజీలవి. కథ అయిపోయింది కదా అని చాలామంది చదవరు, కానీ నా లెక్కలో పుస్తకానికి గుండెకాయ అదే. పాత భాష 2050 నాటికి పూర్తిగా పోవాలన్నది ఆ ప్రభుత్వ లక్ష్యం. అనుబంధం మాత్రం మామూలు ఇంగ్లీషులో, అదంతా ఎప్పుడో జరిగిపోయిన సంగతిలా, భూతకాలంలో ఉంటుంది. అంటే ఆ ప్రభుత్వం కూలిపోయిందని కొందరు పాఠకులు అర్థం చేసుకుంటారు. నాకూ అలా చదవడమే ఇష్టం. అమెరికాలో ఒక పెద్ద బుక్ క్లబ్ ఈ అనుబంధాన్ని, మధ్యలో ఇంకో భాగాన్ని తీసేయమని అడిగితే, చాలా డబ్బు పోతుందని తెలిసీ ఆర్వెల్ ఒప్పుకోలేదు. చివరికి ఆ క్లబ్బే దిగి వచ్చింది.

ఒక హెచ్చరిక. మూడో భాగంలో చిత్రహింసలు వివరంగా ఉంటాయి. పెద్దవాళ్లకే ఇవ్వదగిన పుస్తకం.

ఇక అచ్చు పుస్తకమే ఎందుకంటే, 2009 జూలైలో సరిగ్గా ఈ నవలకే ఒక దెబ్బ తగిలింది. హక్కులు లేని ఒక సంస్థ అమెరికాలో దీన్ని కిండిల్ స్టోర్‌లో అమ్మింది. సంగతి తెలిశాక అమెజాన్ పాఠకుల డబ్బు వాపసు ఇచ్చి, వాళ్ల కిండిల్ పరికరాల్లోంచి పుస్తకాన్ని దూరం నుంచే తుడిచేసింది. చదువుతూ నోట్స్ రాసుకున్న ఒక విద్యార్థికి ఆ నోట్స్ పనికిరాకుండా పోయాయి. అతను కోర్టుకు వెళ్లాడు. అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఈ-బుక్ కొన్నప్పుడు మనకు దక్కేది సాధారణంగా చదువుకునే లైసెన్సే. 2025 ఫిబ్రవరి 26 నుంచి, కొన్న కిండిల్ పుస్తకాన్ని వెబ్‌సైట్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే సౌకర్యాన్ని కూడా తీసేశారు.

మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకే కాపీరైట్. బిహార్‌లోని మోతీహారీలో పుట్టిన ఆర్వెల్ 1950 జనవరిలో చనిపోయారు. కాబట్టి 2011 నుంచి ఇక్కడ ఈ నవలను ఎవరైనా అచ్చు వేయవచ్చు. చాలా ప్రచురణలు తక్కువ ధరకే దొరుకుతాయి. మరీ చిన్న అక్షరాలున్నవి వదిలేయండి.

మీ తమ్ముడు ఇది ముందే చదివి ఉంటే, అలెనా గ్రేడన్ నవల ‘ద వర్డ్ ఎక్స్ఛేంజ్’ (2014) ఇవ్వండి. మనకేం కావాలో అడక్కముందే పసిగట్టే ‘మీమ్’ అనే పరికరానికి అలవాటుపడి జనం మాటల అర్థాలు మరిచిపోతారు, ఒక్కో అర్థాన్నీ డబ్బు కట్టి చూసుకుంటారు, చివరికి మాటల్ని పాడుచేసే జబ్బు పాకుతుంది. ఊహ చాలా బాగుంది. కథనం మాత్రం మధ్యలో సాగుతుంది, అందుకే దీన్ని రెండో స్థానంలో పెట్టాను.

ప్రశ్న: కిండిల్‌లో నేను రాసుకున్న నోట్స్ పోకుండా దాచుకోవడం ఎలా?
– ఒక డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: కిండిల్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపితే ‘డాక్యుమెంట్స్’ ఫోల్డర్‌లో ‘మై క్లిప్పింగ్స్’ అనే టెక్స్ట్ ఫైల్ కనిపిస్తుంది. ఆ పరికరంలో మీరు గుర్తు పెట్టుకున్న వాక్యాలు, రాసుకున్న నోట్స్ అందులో ఉంటాయి. దాన్ని అప్పుడప్పుడు కాపీ చేసి పెట్టుకోండి. ఫోన్‌లోని కిండిల్ యాప్‌లో చదివితే నోట్‌బుక్ విభాగం నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోవచ్చు. సెమిస్టర్ పరీక్షలకు పనికొచ్చే నోట్స్ అయితే ఒక ప్రతి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి.