టెస్ట్ నెగెటివ్ అంటే జబ్బు లేనట్టేనా? జ్వరం ఏ రోజు మొదలైందో ముందు అది చెప్పండి

మీరు అడిగినవి రెండు. కొత్త జబ్బు ఊళ్లోకి వచ్చిన తొలి వారాల్లో, సరైన టెస్టే లేనప్పుడు కేసుని ఎట్లా పట్టుకుంటారు అని ఒకటి. టెస్ట్ వచ్చాక నెగెటివ్ అంటే ఇక లేనట్టే కదా అని ఇంకోటి. నేను హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఏళ్ల తరబడి జ్వరం శాంపిల్సే నా పని, వానాకాలం అంతా డెంగ్యూ, కరోనా టైంలో స్వాబ్‌లు. డాక్టర్‌ని కాదు కాబట్టి మందుల జోలికి పోను, శాంపిల్ వైపు నుంచి నాకు కనిపించింది చెప్తా.

తొలి రోజుల్లో కేసు దొరికేది ఎక్కువగా మూడు ప్రశ్నల దగ్గరే. జ్వరం ఏ రోజు మొదలైంది, ఈమధ్య ఎక్కడికి పోయొచ్చారు, ఇంట్లో పక్కింట్లో ఇంకెవరికైనా ఉందా. ఇవి సరిగ్గా అడిగి రాసుకుంటే మెషిన్ తర్వాత వచ్చి తేలుస్తది. అడగకపోతే ఎంత మంచి మెషిన్ ఉన్నా తప్పు రోజున తప్పు శాంపిల్ మీద తప్పు టెస్ట్ చేసి "నెగెటివ్" అని అచ్చు గుద్ది ఇచ్చేస్తది, పేషెంట్ దాన్ని పట్టుకుని ధీమాగా ఇంటికి పోతాడు.

కరోనా మొదట బయటపడ్డ చైనా ఊరు వూహాన్‌లో ఏమైందో చూడండి. 2019 డిసెంబర్ ఆఖర్లో ఝాంగ్ జిషియాన్ అనే ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి ఒక ముసలి జంట వచ్చారు. స్కాన్‌లో ఇద్దరివీ మామూలు న్యుమోనియాలా లేవు. ఆమె వాళ్ల కొడుక్కి కూడా స్కాన్ తీయించారు, అతనికి జ్వరం లేదు దగ్గు లేదు, అయినా ఊపిరితిత్తుల్లో అదే రకం మచ్చలు. ఒకే ఇంట్లో ముగ్గురికి ఒకేలా ఉందంటే ఇది అంటుకునేదే అని ఆమెకి అనుమానం గట్టిపడి డిసెంబర్ 27న పైకి రిపోర్ట్ చేశారు. అప్పటికి ఆ వైరస్‌కి పేరు లేదు, దానికంటూ టెస్ట్ లేదు, టెస్ట్ తయారుచేయడానికి కావాల్సిన జీనోమ్, అంటే ఆ వైరస్ జన్యు వివరం, అందరికీ అందింది 2020 జనవరి రెండో వారంలో. ఆమెకి 2003లో చైనాని వణికించిన సార్స్ అనే శ్వాస జబ్బు నాటి అనుభవం ఉంది, ఆ అనుభవం వల్లే ఆరోగ్యంగా కనిపిస్తున్న కొడుకుని కూడా వదలకుండా చూశారని నేను నమ్ముతా.

మన దేశంలో దీనికి దీటైనది కేరళలోని కోళికోడ్. 2018 మేలో ఒక ఇంట్లో ఒకాయన మెదడువాపు లాంటి లక్షణాలతో చనిపోయారు, కొన్నాళ్లకే వాళ్ల అన్నదమ్ముల్లో ఇంకొకరు అవే లక్షణాలతో అక్కడి ప్రైవేట్ హాస్పిటల్‌కి వచ్చారు. అక్కడి డాక్టర్లు ఇంటి సంగతి అడిగి, మామూలు మెదడువాపు ఇట్లా ఒకే ఇంట్లో వరసగా రాదు కదా అని శాంపిల్స్ మణిపాల్‌లోని వైరస్ ల్యాబ్‌కి పంపించారు, నిపా అనే ప్రాణాంతక వైరస్ అని తేలింది, పుణెలోని జాతీయ వైరస్ ల్యాబ్ ఎన్ఐవీ దాన్ని ఖాయం చేసింది. అంటే రెండో మనిషి దగ్గరే దొరికిపోయింది. అప్పటికే అంటుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి 17 మంది చనిపోయారు, కానీ అక్కడితో ఆపగలిగారు. ఇప్పుడు 2001లో పశ్చిమ బెంగాల్ సిలిగురి చూడండి, అదే నిపా, కానీ అప్పుడు దాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు, 66 మందికి వస్తే 45 మంది పోయారు, అందులో చాలామంది హాస్పిటల్ స్టాఫ్, చూడ్డానికి వచ్చిన చుట్టాలు. అది నిపా అని తేలింది ఏళ్ల తర్వాత, దాచిన శాంపిల్స్ మీద. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా" అన్న ప్రశ్న విలువ ఎంతో అర్థమైతది.

మన దగ్గర కూడా 2003లో, ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు, జూన్ నుంచి ఆగస్టు దాకా పిల్లలకి జ్వరం వచ్చి చూస్తుండగానే ఫిట్స్, కోమా. 329 మంది పిల్లలకి వస్తే 183 మంది చనిపోయారు. పుణె వాళ్లు చాందీపురా వైరస్ అని చూపించారు, అది 1965లోనే నాగ్‌పూర్ దగ్గర దొరికిన పాత వైరస్, అప్పటిదాకా ఇంత పెద్ద ఎత్తున పిల్లల ప్రాణాలు తీస్తదని ఎవరూ అనుకోలేదు. లిస్టులో పేరు లేని జబ్బుకి ఎవరూ టెస్ట్ పెట్టరు కదా.

ఇంక కేసు అంటే ఏంటి అన్న నియమం. ఎవరిని అనుమానించాలి, ఎవరి శాంపిల్ తీయాలి అని పైనుంచి ఒక నియమం వస్తది. 2020లో మొదట్లో మనకి విదేశాల నుంచి వచ్చినవాళ్లు, కేసుతో కాంటాక్ట్ ఉన్నవాళ్లు, అంతే. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది. హాస్పిటల్లో చేరిన తీవ్రమైన శ్వాస జబ్బు కేసులన్నింటికీ టెస్ట్ చేయమని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పింది మార్చి 20న. ఆ మధ్యలో ఆయాసంతో చేరిన మనిషి ఏ దేశమూ పోయిరాకపోతే లెక్కలోకి వచ్చేవాడు కాదు. కిట్లు తక్కువ, ల్యాబులు తక్కువ, కాబట్టి గిరి గీసుకోక తప్పలేదు, అది నాకు తెలుసు. అయినా ఐసీయూలో కారణం తెలియని న్యుమోనియా ఉన్నవాళ్లని మొదటి రోజు నుంచే ఆ గిరి లోపల పెట్టాల్సింది అన్నది నా గట్టి అభిప్రాయం. కొత్త జబ్బు ఊళ్లో తిరగడం మొదలుపెట్టిందో లేదో ముందు తెలిసేది అక్కడే. నియమం మారితే లెక్క ఎట్లా మారుతదో చూడాలంటే 2020 ఫిబ్రవరి 12 లెక్క చూడండి, వూహాన్ ఉన్న హుబెయ్ రాష్ట్రంలో స్కాన్ చూసి డాక్టర్ నిర్ధారించినవాళ్లని కూడా కలిపారు, ఒక్క రోజులో దాదాపు 15 వేల కేసులు పెరిగాయి. వాళ్లంతా అంతకుముందు నుంచే జబ్బుతో ఉన్నారు, లెక్కలోకి అప్పుడొచ్చారు.

సరే, మీ రెండో ప్రశ్న. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే జనాలు దెబ్బతినేది ఇక్కడే.

2020 వానాకాలంలో ఒక ఆటో నడిపే అన్న స్వాబ్ ఇచ్చి పోయాడు, రిపోర్ట్ నెగెటివ్. రెండ్రోజులకి ఫోన్ చేసి "అన్నా, నాకు నెగెటివ్ అచ్చింది గదా, మరి మా ఇంటామెకు పోపు ఏస్తున్నా వాసన తెలుస్తలేదంటుంది, ఏంది ఇది" అన్నాడు. "నీకు జరం ఎప్పటి సంది?" అంటే, "స్వాబ్ ఇచ్చిన్నాడు పొద్దుగాలనే మొదలైంది, భయమై సాయంత్రమే అచ్చిన" అన్నాడు. ఫారంలో లక్షణాలు మొదలైన తేదీ అన్న గడి ఖాళీగా ఉంది. ఇంట్లో వాళ్ల ముసలి తల్లి కూడా ఉంది, రెండే గదులు. రిపోర్ట్ పక్కన పెట్టి ముందు మాస్క్ పెట్టుకో, అమ్మని ఇంకో గదిలో ఉంచు, డాక్టర్ దగ్గరికి పోయి ఈ వాసన సంగతి కూడా చెప్పు అన్నా. డాక్టర్ మళ్లీ రాశారు, ఈసారి ఆయనదీ ఇంటామెదీ ఇద్దరిదీ పాజిటివ్.

ఆయన మొదటి స్వాబ్‌లో లోపమేమీ లేదు. మేం వాడే కిట్లలో మనిషి జీన్ ఒకటి కూడా చూస్తాం, ఆర్ఎన్ఏస్ పీ అని, అది వచ్చిందంటే పుల్లకి కణాలు అంటాయని అర్థం. అది బాగానే వచ్చింది. కానీ రోజు తొందరైంది. అదే ఏడాది చాలా స్టడీలు కలిపి వేసిన అంచనా ఒకటి ఉంది, నిజంగా కరోనా ఉన్న వందమందికి లక్షణాలు మొదలైన రోజే ఆర్‌టీపీసీఆర్ చేస్తే దాదాపు 38 మందికి నెగెటివ్ వస్తది, మూడు రోజులాగి చేస్తే 20 మందికి. లక్షణాలకి ముందైతే ఇంకా చాలా ఎక్కువ మందిని మిస్ అయితది. శాంపిల్ ఎక్కడిదన్నది కూడా ముఖ్యమే, చైనాలో హాస్పిటల్ పేషెంట్ల మీద చూస్తే గొంతు స్వాబ్‌లో 32 శాతం, ముక్కు స్వాబ్‌లో 63, కఫంలో 72 శాతం పాజిటివ్ వచ్చాయి. అందుకే న్యుమోనియా కనిపిస్తున్నా ముక్కు స్వాబ్ నెగెటివ్ అయితే డాక్టర్లు వదిలిపెట్టకుండా ఇంకో రకం శాంపిల్ అడుగుతారు.

డెంగ్యూకి కూడా ఇదే లెక్క, ప్రతి ఏడూ చూస్తా. రక్తంలో వైరస్ ప్రోటీన్‌ని వెతికే ఎన్ఎస్1 టెస్ట్ మొదటి ఐదు రోజుల్లో బాగా పనికొస్తది, ఆ తర్వాత ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల టెస్ట్ ఐజీఎం చూడాలి. ఏడో రోజున వచ్చి తక్కువ రేటని ఎన్ఎస్1 ఒక్కటే చేయించుకుని నెగెటివ్ అని సంబరపడేవాళ్లు బోలెడు. పైగా జ్వరం తగ్గే రోజులే డెంగ్యూలో ప్రమాదం అని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తుంటారు, సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ నెగెటివ్ కాగితం చూసుకుని డాక్టర్ దగ్గరికి పోవడం మానేస్తారు.

పాజిటివ్ కూడా మోసం చేస్తది, అది కూడా వినండి. జబ్బు ఇంకా అరుదుగా ఉన్నప్పుడు వెయ్యి మందికి ఊరికే టెస్ట్ చేశారనుకోండి, నిజంగా ఉన్నది ఒక్కడికే, టెస్ట్ 99 శాతం కచ్చితంగా లేనివాళ్లని లేదు అంటది, అయినా పదిమంది దాకా ఉత్తుత్తి పాజిటివ్‌లు వస్తాయి. అదే, కేసు ఉన్న ఇంట్లో జ్వరంతో ఉన్న మనిషికి పాజిటివ్ వస్తే దాదాపు నమ్మొచ్చు. కాగితం మీద రిజల్ట్ రెండుచోట్లా ఒకటే, అర్థం వేరు. మన దగ్గర ఇంకో పెద్ద బెడద వైడాల్, టైఫాయిడ్‌కని చేసే రక్త పరీక్ష. పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నా, టీకా వేసుకున్నా పాజిటివ్ రావొచ్చు, టైఫాయిడ్ తేలాలంటే మొదటి వారంలో యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష, చేయించాలి. ఒక గల్లీలో పదిమందికి ఒకే రకం జ్వరం వస్తే, ఒక్కొక్కరు ఒక్కో క్లినిక్‌లో వైడాల్ చేయించుకుని అందరూ "టైఫాయిడ్" అయిపోతారు, అసలు ఆ గల్లీలో ఏం తిరుగుతుందో ఎవరికీ తెలియదు. నాకు కడుపు మండేది ఇక్కడే.

కాబట్టి మీరు చేయాల్సింది, శాంపిల్ ఇచ్చేటప్పుడు జ్వరం మొదలైన తేదీ ఫారం మీద రాయించండి, రాయకపోతే పట్టుబట్టండి. ఊరు పోయొచ్చిన సంగతి, పెళ్లికో దినానికో పోయిన సంగతి, ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి అడగకముందే చెప్పండి. మొదటి రోజే చేయించుకున్న టెస్ట్ నెగెటివ్ వచ్చి లక్షణాలు పోకపోతే మళ్లీ ఎప్పుడు చేయాలో అడగండి, అప్పటిదాకా ముసలోళ్లకి, చంటిపిల్లలకి దూరంగా ఉండండి. రిపోర్ట్ వచ్చాక ఇంట్లో రెండో మనిషి పడితే కొత్త డాక్టర్ని వెతుక్కోకుండా పాత కాగితాలతో అదే డాక్టర్ దగ్గరికి పోండి. గల్లీలో రెండు మూడు ఇళ్లలో ఒకేలాంటి జ్వరం కనిపిస్తే మీ బస్తీ దవాఖానలో గానీ ఆశా అక్కకి గానీ ఒక మాట చెప్పండి, ఎవరెవరి ఇంట్లో ఏ రోజు మొదలైందో తేదీలతో సహా, వాళ్లు పైకి పంపే జ్వరాల లెక్కలోకి ఎక్కాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా.