మీ ప్రశ్న – మా జవాబు: కిట్ విమానంలో ఏ పని ముందు, ఏ పని వెనక?

ప్రశ్న: గురువుగారూ, మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర. పెట్టెల్లో ముక్కలుగా వస్తే మనమే బిగించుకునే రెండు సీట్ల కిట్ విమానం తెప్పించుకోవాలని ఆరేళ్లుగా డబ్బులు కూడబెడుతున్నాను, వాన్స్ కంపెనీ ఆర్వీ-12 అనుకుంటున్నాను. జీడిపప్పు నిలవ చేసే గోడౌన్ ఒకటి ఖాళీగా ఉంది. విజయనగరం నుంచి మా బావ ఆదివారాలు వస్తానన్నాడు. ఇంజన్ ముందు కొనేస్తే ఊపు వస్తుందని అతను, మాన్యువల్ మొదటి పేజీ నుంచి వరసగా పోదామని నేను. ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: తమ్ముడూ, ఇంజన్ మాత్రం ముందు కొనొద్దు, మీ బావకి నా మాటగా చెప్పు. ఆ విమానానికి వచ్చేది రోటాక్స్ 912 అనే ఇంజన్, దాని రబ్బరు గొట్టాలూ అవీ ఎన్ని గంటలు తిరిగిందన్నదానితో పనిలేకుండా ఐదేళ్లకోసారి మార్చాలి. మనది సముద్రపు గాలి తగిలే ఊరు, నడవని ఇంజన్ గోడౌన్‌లో రెండు మూడేళ్లు ఉంటే లోపల తుప్పు భయం. బాడీ సగానికి వచ్చాక ఆర్డర్ పెట్టు. పైలట్ ముందుండే ప్యానెల్‌లోని స్క్రీన్లు ఇంకా చివర్న, ఈలోగా కొత్త మోడల్ వచ్చేస్తుంది.

మొదలు తోకతోనే. కంపెనీ కూడా తోక, రెక్కలు, బాడీ, ఫినిషింగ్, ఇంజన్, ఏవియానిక్స్ (స్క్రీన్లు, రేడియో లాంటి ఎలక్ట్రానిక్ సామాను) అని ఆ వరసలోనే పెట్టెలు అమ్ముతుంది. తోక చిన్నది, ఒక రేకు పాడైనా కొత్తది తెప్పించుకోడానికి పెద్ద ఖర్చు కాదు, చెయ్యి అక్కడే కుదురుతుంది. పైగా ఈ పని మనకి పడుతుందా లేదా అన్నది కూడా తోక దగ్గరే తెలిసిపోతుంది, తెలిశాకే రెక్కల డబ్బు కట్టు. ఆ సంగతి తోక సగానికే తేలిపోతుంది, తేలగానే కట్టెయ్, ఎందుకంటే షిప్పులో వచ్చి కస్టమ్స్ దాటేసరికి నెలలు పోతాయి, ఖాళీగా కూర్చున్న చెయ్యి మళ్లీ పనిలో పడడం కష్టం.

ఇక మాన్యువల్ వరస. అది తప్పకుండా పాటించు, కానీ ప్రతి పేజీ దగ్గర ఆగి ఒక్కటే అడుగు: ఈ రేకు మూసేశాక లోపలికి మళ్లీ నా చెయ్యి పోతుందా? మనవైపు స్లాబ్ వేసేముందు కరెంటు పైపులు పరిచేస్తాం కదా, అదే పద్ధతి. వైర్లు, యాంటెన్నా కింద పెట్టే ప్లేట్లు, వేగం కొలవడానికి గాలి పట్టే పిటో గొట్టం, తర్వాత ఎప్పుడైనా వైరు లాగాల్సొస్తే పనికొచ్చే ఒక దారం, ఇవన్నీ మూయకముందే. నేను పనిచేసిన ఒక విమానంలో ఆ దారం ఒక్కటి మర్చిపోయి రెక్క మూసేశాం, రెండ్రోజులు రివెట్లు డ్రిల్ చేసి తీశాం, కన్నాలు కొన్ని పెద్దవైపోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది. చాలామంది ప్యానెల్ మీద రేకుని అందుకే చివరిదాకా క్లీకోలతోనే (రివెట్ బదులు తాత్కాలికంగా పెట్టి తీసేసే పిన్నులు) ఆపి ఉంచుతారు.

నీ అసలు చిక్కు వారంలో ఆరు రోజులు ఒక్కడివే, ఆదివారం ఇద్దరు. అందుకే గోడమీద మూడు కాగితాలు అంటించు. ఒకటి సాయంత్రం గంటలో అయ్యేవి: రిబ్బుల (రేకు కింద ఆకారం నిలిపే పక్కటెముకల్లాంటి ముక్కలు) అంచులు అరగదీయడం, కన్నాల చుట్టూ లేచిన గరుకు అంచు (బర్) తీయడం, తర్వాతి పెట్టెలో పార్టులు లెక్కపెట్టడం. రెండోది బావ ఉంటేనే అయ్యేవి: పెద్ద పైరేకు (స్కిన్) ఎత్తి కూర్చోబెట్టడం, రెక్క తిప్పడం. ఈ కిట్‌లో ఎక్కువ పుల్ రివెట్లే (ఒక పక్క నుంచే గన్నుతో లాగి బిగించేవి) కాబట్టి రివెట్ కొట్టడానికి రెండో మనిషి అంతగా అక్కర్లేదు, అది నీకు కలిసొచ్చింది. మూడోది మొదలెడితే ఆపకూడనివి. పెట్రోల్ ట్యాంక్ కారకుండా అతుకులకి పూసే సీలెంట్ అలాంటిదే, కలిపాక గడియారం పరిగెడుతుంది, మన మే ఎండల్లో ఇంకా తొందరగా గట్టిపడిపోతుంది, కాబట్టి ట్యాంక్ పని డిసెంబరు, జనవరిలోకి తోసెయ్. తుప్పు పట్టకుండా కొట్టే ప్రైమర్ పూత కూడా ఆ నెలల్లోనే, ఒక్కో పార్టుకి స్ప్రే గన్ను కడుక్కుంటూ కూర్చోకుండా ముప్పై నలభై ముక్కలు ఒకేసారి వరసగా వేలాడదీసి కొట్టు.

ఇంకోటి, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ పక్కనే తీరం దాటింది, నీకు చెప్పక్కర్లేదు. దసరా వచ్చేసరికి పెద్ద ముక్క ఏదీ సగం విప్పి టేబుల్ మీద ఉండకుండా చూసుకో, పూర్తయిన రెక్కలు గోడవారగా స్టాండులో నిలబెట్టి కట్టెయ్.

వీటన్నిటికంటే ముందు రెండు పనులు. గోడౌన్ తలుపు కొలు. ముంబైలో అమోల్ యాదవ్ గారు మేడమీద సొంత డిజైన్‌తో ఆరు సీట్ల విమానం కట్టారు, 2017లో రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది, కానీ దాన్ని కిందికి దింపడానికి ముక్కలుగా విప్పాల్సొచ్చింది. నీకు రెక్కలు ఊడొస్తాయి, బాడీ ఒక్కటే అడ్డం, దాని తోక వెడల్పుకి తలుపు సరిపోతుందా చూడు. రెండోది, మొదటి రివెట్ కొట్టకముందే, విమానాల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏకి రాయి. సగం కట్టాక అడిగితే మూసేసిన రేకుల లోపల ఏముందో చూపించలేవు. తారీఖుతో ఫొటో లేకుండా ఏ రేకూ మూయకు.

తోక పెట్టె వచ్చిన రోజే పార్టులు లిస్టుతో సరిచూసుకో, తక్కువైతే ఆలస్యం చెయ్యకుండా కంపెనీకి రాయాలి. ఆ లెక్క తేలాక మాకూ ఒక ఉత్తరం రాయి, రెక్కల పని గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.