రెండో అంకె కూడా అడుగు

అమ్మాయీ,

ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి స్వతంత్రంగా నిలబడదామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తనకి ఒకటే టెన్షన్. నేనైతే నిలబడమనే అంటాను.

పార్టీ అండ లేనివాళ్లు గెలవరని మీ స్టాఫ్ రూములో ఎవరైనా అంటే 1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తుచెయ్యి. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన పక్క అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డిగారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరుగా చేసినవారు. ఆయనకు ఎదురు నిలిచింది వి.వి.గిరిగారు. బరంపురంలో పుట్టి రైల్వే కార్మిక సంఘాల్లో పనిచేసిన మనిషి, స్వతంత్ర అభ్యర్థి. ఇందిరాగాంధీ తన పార్టీవాళ్లను అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు, గిరిగారు గెలిచారు. అందరూ కథ అక్కడితో ఆపేస్తారు. నువ్వు మాత్రం లెక్క చూడు, ఎందుకంటే నీ ఎన్నిక కూడా అదే ప్రాధాన్య ఓటు పద్ధతి, అంటే ఓటరు అభ్యర్థుల పేర్ల పక్కన తన ఇష్టం వరసలో 1, 2, 3 అని అంకెలు వేస్తాడు.

మొదటి ప్రాధాన్యంలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, మూడో అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్‌కి 1,12,769. (ఎంపీ, ఎమ్మెల్యే ఓట్లకు విలువ కట్టిన అంకెలివి.) గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగం కన్నా ఎక్కువ, అంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. వెనకబడినవాళ్లను తీసేసి, వాళ్ల ఓట్లమీద తర్వాతి అంకె ఎవరికుందో చూసి వాళ్లకు పంచారు. అందులో సంజీవరెడ్డిగారికి సుమారు 92 వేలు కలిస్తే, గిరిగారికి పద్దెనిమిదిన్నర వేలే. చివరికి గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. ఆ పద్దెనిమిదిన్నర వేలు రాకపోయి ఉంటే గిరిగారు మొదటి అంకె దగ్గరే ఆగిపోయి ఓడిపోయేవారు. పాపం సంజీవరెడ్డిగారు, 1977 దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడు మాత్రం పోటీయే లేకుండా ఎన్నికయ్యారు.

అందుకని వేరే ఉపాధ్యాయ సంఘం మాస్టారు "మా ఓటు మా వాళ్లకేనమ్మా" అంటే ముఖం మాడ్చుకుని లేచి రావద్దు. "మీ ఒకటి వాళ్లకే వెయ్యండి సార్, రెండు నాకు వెయ్యండి" అని అడుగు. అలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఎదుటి అభ్యర్థుల్ని తిట్టేవాళ్లను నీ వెంట తిప్పుకోకు. తిట్టినవాళ్ల మనుషుల దగ్గరికెళ్లి రెండో అంకె ఏ ముఖంతో అడుగుతావు?

అసలు పని ప్రచారం కన్నా ముందే ఉంటుంది. ఈ ఓటర్ల జాబితా ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి కొత్తగా తయారుచేస్తారు. పోయినసారి ఓటేశాం కదా అని ధీమాగా కూర్చున్నవాళ్ల పేరు ఈసారి ఉండదు. నవంబరు 1 నాటికి వెనకటి ఆరేళ్లలో కనీసం మూడేళ్లు హైస్కూలు, ఆపై స్థాయిలో బోధించినవాళ్లు జాబితాలో చేరడానికి ఫారం 19 ఇవ్వాలి. ప్రైమరీ బడుల్లో చేసేవాళ్లకు ఓటు లేకపోవడం అన్యాయమే గానీ, నియమం అది. జూనియర్ కాలేజీలు, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ వాళ్లను హైస్కూలు మాస్టర్లు పట్టించుకోరు. ఫారాలు పట్టుకుని నువ్వే వెళ్లు. ఫారం నింపి పెట్టిన మనిషిని ఓటరు మరిచిపోడు.

ఇంకోటి. మనవాళ్లు పిల్లల పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ బ్యాలెట్ మీద టిక్ పెట్టేస్తారు. ఆ ఓటు చెల్లదు. అంకెలే వెయ్యాలి, పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే వెయ్యాలి. 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా, కింద సంతకం పెట్టినా పోయినట్టే. ఎంత చదువుకున్నవాళ్లైనా ఇక్కడ పొరపడతారు, చెప్పడానికి మొహమాటపడకు. కౌంటింగ్ ఏజెంటుగా లెక్కల మాస్టారిని పెట్టుకో. రెండో ప్రాధాన్యం లెక్క తెల్లార్లూ సాగొచ్చు, నిద్ర ఆపుకోగలవాడై ఉండాలి.

నియోజకవర్గం చిత్తూరు నుంచి నెల్లూరు, ప్రకాశం దాకా ఉంది. ఒంగోలు వైపు నీకెవరూ తెలియదు కాబట్టి ముందు అటే మనుషుల్ని వెతుకుదాం. ఆదివారం తిరుపతి రా. వచ్చేటప్పుడు మీ మండలం హైస్కూళ్ల టీచర్ల లిస్టు తీసుకురా, పేర్లతో పాటు ఎవరు ఏ సంఘమో రాసి.

మీ మామ